ఇంటిల్లిపాదికీ ఒకే వీపీఎన్: ప్రోటాన్‌ను మా కడప ఇంట్లో ఏ పరికరంలో ఎట్లా పెట్టాం

ముందే చెప్పేస్తా, ప్రోటాన్ వీపీఎన్ పెయిడ్ ప్లాన్ కొనుక్కోవచ్చు, పెట్టిన డబ్బుకు తగ్గ వస్తువే. కానీ ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌లో, టీవీలో, ల్యాప్‌టాప్‌లో ఒకే రకంగా పెట్టి ఆన్ చేసి వదిలేస్తే వారం తిరక్కముందే ఎవరో ఒకరు విసుక్కుని తీసేస్తారు. మా నాయన ఫోన్‌కు ఒక పద్ధతి, చెల్లెలి ఐఫోన్‌కు ఒకటి, హాల్లో టీవీకి ఒకటి, రూటర్‌కు పూర్తిగా వేరే. ఈ రివ్యూ అంతా దాని గురించే. సర్వర్లు ఎన్ని, దేశాలు ఎన్ని అనే లెక్కలు వాళ్ల సైట్‌లోనే దొరుకుతాయి. ఒక ఫైబర్ లైను, నాలుగు రకాల పరికరాలు, యూపీఐ లేకుండా పూట గడవని మనుషులు ఉన్న ఇంట్లో అది ఎట్లా ఇముడుతుందన్నదే నాకు ముఖ్యం.

వీపీఎన్ ఏం చేస్తుందో ఏం చేయదో కొనకముందే తెలుసుకోండి. ఫోన్ నుంచి బయటికి పోయే డేటా మొత్తాన్ని మధ్యలో ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసి ఎక్కడో ఉన్న సర్వర్ దాకా పంపుతుంది, అక్కడి నుంచి అది మామూలు ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. అందుకని లాడ్జి వైఫై వాళ్లకైనా, ఇంటికి లైనిచ్చిన కంపెనీకైనా మీరు ఆ సర్వర్‌తో మాట్లాడుతున్నారని తప్ప ఏ సైట్ చూస్తున్నారో కనపడదు. చూసే సైట్‌కేమో మీ ఐపీ (నెట్‌లో మీ లైను చిరునామా) బదులు ఆ సర్వర్ ఐపీ కనిపిస్తుంది. అంతవరకే. బ్యాంకు సైట్లు, వాట్సాప్ ఎప్పటి నుంచో సొంతంగా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నాయి కాబట్టి, బయట వైఫై వాడగానే పాస్‌వర్డ్ పోతుందని యాడ్‌లలో భయపెట్టేది చాలావరకు అతి. ఇంకో మాట, డిజిటల్ అరెస్ట్ అని ఫోన్ చేసి బెదిరించేవాళ్లను వీపీఎన్ ఆపలేదు, మీరే ఓటీపీ చెప్పేస్తే అది చేయగలిగింది ఏమీ లేదు. అట్లాంటిది జరిగితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. నాయనకు ఈ మాట మొదటి రోజే గట్టిగా చెప్పాను, ఎందుకంటే తెరమీద తాళంచెవి గుర్తు కనపడితే ఇక అంతా భద్రమేనని పెద్దవాళ్లు నమ్మేస్తారు.

మరి ఎవరికి పనికొస్తుంది? బెంగళూరులో పీజీ హాస్టల్ వైఫై మీద బతికే మా చెల్లెలి లాంటి వాళ్లకు, రైల్వే స్టేషన్ వైఫైలో మెయిల్ చూసుకునేవాళ్లకు, నాలాగా ఇంటి నుంచి బయటి దేశాల క్లయింట్లకు పనిచేసేవాళ్లకు. ఏ సైట్‌కు ఎప్పుడు వెళ్తున్నామన్న చిట్టా ఎవరి దగ్గరా పోగుపడకూడదు అనుకునే ఎవరికైనా కూడా, ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మే విషయం.

ఫ్రీ వీపీఎన్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మా బంధువుల ఇళ్లల్లో ఏ ఫోన్ తీసినా ఇట్లాంటి యాప్ ఒకటి కనిపిస్తుంది, కనెక్ట్ నొక్కితే యాడ్, డిస్‌కనెక్ట్ నొక్కితే ఇంకో యాడ్. యాడ్‌లతో పోతే ఫరవాలేదు. 2024 మే నెలలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే బాట్‌నెట్‌ను, అంటే యజమానులకు తెలియకుండా దొంగల చేతిలో నడిచే కంప్యూటర్ల గుంపును పట్టుకుంది. మాస్క్‌వీపీఎన్, డ్యూవీపీఎన్, షైన్‌వీపీఎన్ లాంటి పేర్లతో ఉచితంగా పంచిన ప్రోగ్రామ్‌ల ద్వారానే అది కంప్యూటర్లలోకి దూరింది. దాదాపు 200 దేశాల్లో 1.9 కోట్ల ఐపీ అడ్రస్‌లు దాని చేతికి చిక్కాయి, వాటిని నేరగాళ్లకు అద్దెకిచ్చి సొమ్ము చేసుకున్నారు. అంటే ఎవరో చేసిన మోసం మీ ఇంటి ఐపీ మీద నమోదవుతుంది. వీపీఎన్ పెట్టుకోవడమంటే లైనిచ్చిన కంపెనీ మీద ఉంచిన నమ్మకాన్ని తీసి ఇంకొకరి చేతిలో పెట్టడం, ఆ ఇంకొకరు ఎవరో తెలియకుండా పెడితే అసలు లేకపోవడమే మేలు.

ప్రోటాన్‌ను ఎంచుకోవడానికి కారణం అదే. స్విట్జర్లాండ్ కంపెనీ, యాప్‌ల సోర్స్ కోడ్ 2020 నుంచి అందరికీ తెరిచి పెట్టారు, ఉచిత ప్లాన్‌లో డేటాకు హద్దు లేదు, యాడ్‌లూ లేవు. ఆ ఉచిత ప్లాన్ ఒక్క పరికరానికే, దేశం మనం ఎంచుకోలేం. ఒంటరిగా హాస్టల్లో ఉండే పిల్లలకు అది చాలు, డబ్బు కట్టొద్దనే చెప్తాను. ఇంటికైతే పెయిడ్ ప్లాన్ కావాలి, అందులో 10 పరికరాల దాకా ఒకేసారి నడుస్తాయి.

ఇంకో సంగతి కూడా తెలిసి కొనాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది, వీపీఎన్ కంపెనీలు వాడకందారుల పేర్లు, ఐపీలు, చిరునామాలు 5 ఏళ్లు దాచి ఉంచాలని. దాంతో ప్రోటాన్, ఎక్స్‌ప్రెస్, నార్డ్, సర్ఫ్‌షార్క్ లాంటి కంపెనీలన్నీ మన దేశంలో ఉన్న సర్వర్లను ఎత్తేశాయి. ఇప్పుడు యాప్‌లో ఇండియా అని కనిపించే సర్వర్ నిజానికి మన నేల మీద ఉండదు, ఐపీ మాత్రం మన దేశానిది. అందుకే కడప నుంచి దేనికి కనెక్ట్ అయినా డేటా దేశం దాటి సముద్రపు కేబుల్ ఎక్కాల్సిందే. మామూలు బ్రౌజింగ్‌లో, వీడియోలో ఆ తేడా తెలియదు, ఆన్‌లైన్ గేములు ఆడేవాళ్లకు మాత్రం బాగా తెలుస్తుంది. నేను సింగపూర్ సర్వర్‌ను ఫేవరెట్‌గా పెట్టుకున్నాను, ఇంట్లో ఫైబర్ వేగంలో పోయేది కొంచెమే, వీడియో కాల్స్‌కు ఏ ఇబ్బందీ లేదు.

ఇక ఆండ్రాయిడ్. మన ఊళ్లలో అందరిదీ అదే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను. ప్లే స్టోర్ నుంచి యాప్ దింపుకుని లాగిన్ అయ్యాక మొదటిసారి కనెక్ట్ నొక్కినప్పుడు ఫోన్ ఒక అనుమతి అడుగుతుంది, సరే అంటే పైన తాళంచెవి గుర్తు వస్తుంది. "ఒరే, ఈ తాళం ఏందిరా, ఫోన్ లాక్ అయిపోయిందా?" అని నాయన ఆ సాయంత్రమే అడిగాడు. "కాదు నాయనా, లైన్ భద్రంగా ఉందని గుర్తు, అది పోతే నాకు చెప్పు" అన్నాను. ఇప్పుడు ఇంట్లో అందరికంటే ముందు అది పోయినట్టు గమనించేది ఆయనే.

అది పోవడానికి ఎక్కువసార్లు కారణం ఫోన్ కంపెనీల బ్యాటరీ పొదుపు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే చైనా బ్రాండ్ ఫోన్లలో వెనకాల నడిచే యాప్‌లను వాటంతట అవే మూసేస్తాయి. యాప్ మీద నొక్కి పట్టి యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీలో ఎలాంటి ఆంక్షలూ వద్దని పెట్టాలి. వీపీఎన్ దానంతటదే ఆగిపోతోందని యాప్‌ను తిట్టుకునేవాళ్లు ముందు ఈ రెండూ చూసుకోవాలి.

తర్వాత యూపీఐ. కొన్ని బ్యాంకు యాప్‌లు వీపీఎన్ ఆన్‌లో ఉంటే తెరుచుకోవు, లేదంటే తెరుచుకుని పేమెంట్ దగ్గర ఆగిపోతాయి. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర పండ్ల బండి ముందు నిలబడి, వెనకాల జనం తోసుకుంటుంటే, వీపీఎన్ ఆపి మళ్లీ స్కాన్ చేయమంటే ఏ తండ్రి చేస్తాడు? దీనికి మందు స్ప్లిట్ టన్నెలింగ్. ఏ యాప్‌లు వీపీఎన్‌లోంచి పోకూడదో టిక్కు పెట్టుకునే సౌకర్యం, పెయిడ్ ప్లాన్‌లో ఉంది. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు, ఆధార్ యాప్, గ్యాస్ బుకింగ్ అన్నీ అందులో పడేస్తే అవి మామూలు లైన్‌లోనే పోతాయి, మిగతావి వీపీఎన్‌లో పోతాయి. ప్రభుత్వ సైట్లు కొన్ని విదేశీ ఐపీని రానివ్వవు కాబట్టి వాటికోసం ఒక వేరే బ్రౌజర్‌ను కూడా ఆ జాబితాలో చేర్చి పెట్టాను.

ఇక్కడే ఒక మెలిక ఉంది, చాలా గైడ్‌లలో దీన్ని కలిపి చెప్పరు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో వీపీఎన్ పేరు పక్కన పళ్లచక్రం గుర్తు నొక్కితే రెండు మీటలు ఉంటాయి. ఒకటి ఎప్పుడూ ఆన్‌లో ఉంచమని, రెండోది వీపీఎన్ లేకపోతే ఇంటర్నెట్ మొత్తం ఆపేయమని. రెండోది కూడా వేస్తే స్ప్లిట్ టన్నెలింగ్‌లో బయట పెట్టిన యాప్‌లకు నెట్ అసలు అందదు, ఎందుకంటే వీపీఎన్‌లోంచి పోని దేన్నైనా ఆపేయడమే దాని పని. అంటే మీ యూపీఐ పూర్తిగా పడుకుంటుంది. కాబట్టి నాయన ఫోన్‌లో మొదటి మీట మాత్రమే, బ్యాంకు యాప్‌లు లేని నా రెండో ఫోన్‌లో రెండూ. హాట్‌స్పాట్ గురించి కూడా చెప్పాలి. ఫోన్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉంది కదా అని దాని హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్ కలిపితే, ల్యాప్‌టాప్ డేటా మామూలుగా వీపీఎన్‌లోంచి పోదు. ల్యాప్‌టాప్‌కు దాని యాప్ దానికి ఉండాల్సిందే.

ఐఫోన్‌లో పని తక్కువ. యాప్, వీపీఎన్ కాన్ఫిగరేషన్ చేర్చమంటారా అన్నదానికి అనుమతి, ఫోన్ పాస్‌కోడ్, అయిపోయింది. చెల్లెలికి ఫోన్‌లో చెప్తూ చేయించినా నిమిషాల పనే అయింది. యాప్‌ల వారీగా వేరుచేసే వీలు మాత్రం ఆండ్రాయిడ్‌లో ఉన్నంతగా లేదు, బ్యాంకు పని ఉన్నప్పుడు ఆపుకుని మళ్లీ వేసుకోవాలి. వీపీఎన్ ఆన్ చేయకముందు నుంచి తెరిచి ఉన్న కనెక్షన్లు కొన్ని పాత దారిలోనే కొనసాగుతాయని ప్రోటాన్ వాళ్లే 2020లో బయటపెట్టారు, అందుకని వీపీఎన్ కలిశాక ఒకసారి ఏరోప్లేన్ మోడ్ వేసి తీసేయమని చెల్లెలికి చెప్పాను.

విండోస్ యాప్ చక్కగా ఉంటుంది, కిల్ స్విచ్ (వీపీఎన్ తెగితే నెట్‌నూ ఆపేసే మీట) ఆన్ చేసుకోండి, వైఫై తడబడినప్పుడు అసలు ఐపీ బయటపడదు. ఒక్క హెచ్చరిక: కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో దీన్ని వేయొద్దు. కరోనా తర్వాత ఊళ్లోనే ఉండి పనిచేస్తున్న పిల్లలు మన కడపలో, ప్రొద్దుటూరులో చాలామంది ఉన్నారు. ఆఫీసు వీపీఎన్, సొంత వీపీఎన్ రెండూ దారి నాదంటే నాదని కొట్టుకుంటాయి, పైగా విదేశీ ఐపీ నుంచి లాగిన్ కనిపిస్తే ఆఫీసు ఐటీ వాళ్లు అకౌంట్ బిగించేస్తారు. విండోస్ బదులు ఉబుంటు వాడే తమ్ముడికి ప్రోటాన్ సొంత యాపే సరిపోయింది, దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు.

ఎక్కడ నెట్ మొదట ఒక పేజీ తెరిచి ఓటీపీ అడుగుతుందో, అంటే రైల్వే స్టేషన్లో, కొన్ని లాడ్జిల్లో, అక్కడ వీపీఎన్ ముందే ఆన్‌లో ఉంటే ఆ పేజీ రాదు. ముందు ఆపండి, ఓటీపీ కొట్టి నెట్ వచ్చాక ఆన్ చేయండి.

టీవీ దగ్గరికి వద్దాం. ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ అయితే దాని ప్లే స్టోర్‌లోనే యాప్ ఉంది. రిమోట్‌తో పెద్ద పాస్‌వర్డ్ కొట్టే బాధ లేదు, తెరమీద కోడ్ వస్తుంది, దాన్ని ఫోన్ బ్రౌజర్‌లో ఎక్కిస్తే టీవీ లాగిన్ అవుతుంది. శామ్‌సంగ్, ఎల్‌జీ టీవీల సొంత సిస్టమ్‌లకు ఆ యాప్ లేదు, వాటికి రూటరే దారి. అయితే టీవీకి వీపీఎన్ అవసరమా అంటే నా సమాధానం చాలా ఇళ్లకు వద్దనే. మన దేశపు ఓటీటీలు విదేశీ ఐపీని ఒప్పుకోవు, బయటి దేశపు సినిమాల కోసం వేస్తే ఆ కంపెనీల నిబంధనలకు విరుద్ధం, ఏ రోజు ఆపేస్తారో తెలియదు. ఓటీటీ కోసం మాత్రమే కొనేపనైతే డబ్బు దండగ.

రూటర్ సంగతి పెద్దది. ఒకసారి అక్కడ పెడితే ఇల్లంతా కవర్ అవుతుందన్న ఆశ అందరికీ ఉంటుంది, నాకూ నచ్చిన పద్ధతే. ఫైబర్ కంపెనీ వాళ్లు బిగించి వెళ్లే పెట్టెలో సాధారణంగా ఆ వీలుండదు, దాని వెనకాల మన సొంత రూటర్ ఒకటి తగిలించాలి. ఊళ్లో ఒక షాపులో డబ్బా మీద వీపీఎన్ అని రాసి ఉన్నది చూపించి ఇదే సార్ అన్నారు, తీరా స్పెసిఫికేషన్లు చూస్తే అది వీపీఎన్ సర్వర్. సర్వర్ అంటే బయటి నుంచి మన ఇంటి నెట్‌వర్క్‌లోకి రావడానికి, మనకు కావాల్సింది వీపీఎన్ క్లయింట్. డబ్బా మీద కాదు, ఆ మోడల్ మాన్యువల్‌లో క్లయింట్ అన్న మాట, దాని కింద వైర్‌గార్డ్ (వీపీఎన్ కలిపే పద్ధతుల్లో ఒకటి) అన్న మాట రెండూ ఉన్నాయో లేదో చూసి కొనండి. ఓపెన్‌వీపీఎన్ అనే పాత పద్ధతి ఒక్కటే ఉన్న చవక రూటర్లలో ప్రాసెసర్ చాలక వేగం బాగా పడిపోతుంది. వైర్‌గార్డ్ కొత్తది, తేలిక, 2020లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలోనే (కెర్నల్ 5.6) కలిసిపోయింది.

సెట్ చేయడం కష్టం కాదు. ప్రోటాన్ అకౌంట్ పేజీలో డౌన్‌లోడ్స్ కింద వైర్‌గార్డ్ ఫైల్ తయారు చేసుకుని, రూటర్ పేజీలో వీపీఎన్ క్లయింట్ దగ్గర ఎక్కించి, ఏ పరికరాలు దాని గుండా పోవాలో ఎంచుకోవడమే. అంతా కలిశాక కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతుంటే ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్‌కు (డేటా ముక్కకు) ఉన్న సైజు హద్దు చూడండి. ఉత్తరాన్ని కవర్‌లో పెట్టి, ఆ కవర్‌ను ఇంకో కవర్‌లో పెట్టినట్టు వైర్‌గార్డ్ ప్రతి ప్యాకెట్‌కూ ఒక పొర తొడుగుతుంది. మన ఫైబర్ లైన్లలో చాలావాటికి పీపీపీఓఈ లాగిన్ ఉంటుంది, దాని పొర ఇంకొకటి, రెండూ కలిసి సైజు మించిపోతుంది. మామూలుగా ఉండే 1420ని 1412కు, అప్పటికీ ఆగితే 1280కి తగ్గిస్తే సర్దుకుంటుంది.

ఎండాకాలం కడపలో కరెంటు పోయి వచ్చిన తర్వాత రూటర్లో వీపీఎన్ కలవకపోతే దానికీ ఒక కారణం ఉంది. వైర్‌గార్డ్ ప్రతి కొత్త పరిచయంలో టైమ్ చూస్తుంది, ఇంతకుముందు చెప్పిన టైమ్ కంటే వెనకటిది వస్తే పాతదాన్ని ఎవరో మళ్లీ పంపుతున్నారని తిరస్కరిస్తుంది. చాలా రూటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంటు పోగానే టైమ్ వెనక్కి పోతుంది. ఇంటర్నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చుకునే దాకా వీపీఎన్ కలవదు, వీపీఎన్ కలిసే దాకా ఇంటర్నెట్ ఇవ్వొద్దని కిల్ స్విచ్ పెట్టి ఉంటే ఆ టైమ్ ఎప్పటికీ రాదు. రూటర్‌కు చిన్న యూపీఎస్ ఒకటి తగిలించడం అన్నిటికన్నా సులువైన పరిష్కారం, ఆ ఖర్చు పెట్టినందుకు వేరే లాభాలు కూడా ఉన్నాయి.

ఏ పరికరంలో పెట్టినా చివర ఐపీలీక్ డాట్ నెట్ లాంటి సైట్ తెరిచి చూసుకోండి. ఐపీవీ4 (పాత తరహా ఐపీ) మాత్రమే కాదు, ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ) వరుస కూడా చూడండి. జియో లాంటి మొబైల్ నెట్‌వర్క్‌లు ఐపీవీ6ను విరివిగా వాడతాయి, వీపీఎన్ ఐపీవీ4ను మాత్రమే దాస్తే మీ అసలు చిరునామా ఆ రెండో వరుసలో కనిపిస్తుంది. ప్రోటాన్ యాప్‌లు దీన్ని చూసుకుంటాయి, రూటర్లో మాత్రం మనమే చూసుకోవాలి.

గల్ఫ్‌కు పోయేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట, ఎందుకంటే కడప, రాయచోటి, రాజంపేట వైపు ఇంటికొకరు కువైట్లోనో దుబాయ్‌లోనో ఉంటారు, వీపీఎన్ అన్న పేరు మన ఊళ్లకు వాళ్ల నోటి నుంచే ఎక్కువగా వచ్చింది. మన దేశంలో వీపీఎన్ వాడటం నేరం కాదు, జమ్మూ కశ్మీర్‌లో కొన్ని జిల్లాల్లో అప్పుడప్పుడూ నిషేధ ఉత్తర్వులు వస్తుంటాయి. యూఏఈలో మాత్రం 2021 నాటి సైబర్ చట్టం ప్రకారం వీపీఎన్‌తో ఐపీ దాచి నేరం చేసినట్టు తేలితే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా ఉంది. వాట్సాప్ కాల్ కలవలేదని అక్కడ ఏదో ఫ్రీ యాప్ వేసుకోమని అన్నకో మామకో ఇక్కడి నుంచి సలహా ఇచ్చే ముందు ఆ చట్టం చెప్పండి.

డబ్బు విషయం. నెలవారీ ధర సుమారు 10 డాలర్లు, రెండేళ్లకు ఒకేసారి కడితే నెలకు సగం కంటే తక్కువ పడుతుంది. మన డెబిట్ కార్డులకు విదేశీ లావాదేవీలు మామూలుగా మూసే ఉంటాయి, బ్యాంకు యాప్‌లో తెరిచి, కట్టాక మళ్లీ మూసేయండి. ఆటో రెన్యూవల్ మీద ఆధారపడొద్దు, ఆర్‌బీఐ నియమాల వల్ల విదేశీ కంపెనీలకు నెలనెలా వాటంతట అవే పోవాల్సిన చెల్లింపులు తరచూ ఆగిపోతాయి. 30 రోజుల్లోపు వద్దనుకుంటే వాడని కాలానికి డబ్బు వెనక్కిస్తారు కాబట్టి, కొన్న వారంలోనే ఇంట్లో ఉన్న పరికరాలన్నిటిలో పెట్టి చూసేయండి, ముఖ్యంగా రూటర్లో.

వైర్‌గార్డ్ ఫైళ్లు తయారు చేసేటప్పుడు ఒక్కో పరికరానికి ఒక్కో ఫైల్ చేసి, వేటికవి గుర్తుపట్టేలా పేర్లు పెట్టుకోండి, హాల్ రూటర్, నాయన ఫోన్, అట్లా. ఒకే ఫైల్‌ను రెండు చోట్ల వాడితే ఒకటి కలిసినప్పుడు ఇంకొకటి తెగుతుంది. ఏదైనా పోయినా, అమ్మేసినా అకౌంట్ పేజీలో ఆ ఒక్క పేరు తీసేస్తే చాలు, మిగతావి కదిలించాల్సిన పని ఉండదు.